నలుగు నుండి సబ్బు వరకు

ముఖశుద్ధికి ఏది మేలను ప్రశ్న మనకు కొత్తది కాదు. అమృతలూరు వంటి కృష్ణా డెల్టా గ్రామములలో దానికి సమాధానము పొలముననే లభించెను. వరికోత వెనుక మిగిలిన తేమపై పండు పెసలు ఇంట సున్నిపిండి యయ్యెను. అభ్యంగనమున మన పెద్దలు మొదట నువ్వులనూనె పట్టించి, పిదప నలుగు పెట్టుచుండిరి. చర్మపు జిడ్డు నూనెలో కరగును. పిండి ఆ రెంటిని పీల్చుకొని వదలించును. నేడు అంగళ్లలో లభించు, నూనెతో మొదలిడు రెండంచెల శుద్ధి పద్ధతియు దీనిని పోలినదే.

మైసూరు సంస్థానము 1916లో చందనతైల పరిశ్రమను స్థాపించి, ఆ తైలముతో సబ్బు చేయించెను. అట్టి సబ్బులు క్రమముగా మన యిండ్లలో నలుగు స్థానము నాక్రమించినవి. సబ్బునకు సౌలభ్యము కలదు. కాని అది క్షారగుణము కలది. చర్మపు పైపొరయో, కొంచెము ఆమ్లగుణము కలది. అందుచేత సబ్బుతో మాటిమాటికి కడిగిన ముఖము బిగిసి పొడిబారును.

కావున పొడిచర్మము గలవారు క్షారము లేని మృదువైన ద్రవ్యమును, జిడ్డుచర్మము గలవారు నూనె చేరనిదానిని ఎన్నుకొనవలెను. మొటిమలున్నచో గరుకుపిండి రుద్దరాదు. దినమునకు రెండుమార్లు చాలును. మురికి పోగొట్టుట వేరు, మేనిచాయ మార్చుట వేరు. ఈ భేదమును మన ఆడపిల్లలకు బాల్యముననే తెలుపుట మన విధి.