మూగవోయిన యంత్రశాలలు



చక్కెర మిల్లు కూత విని నిదుర లేచినవారు మీలో పెక్కుమంది యుందురు. మా నర్సీపట్నమునకు సమీపమున, వరాహనది యొడ్డున, ఏటికొప్పాక యను గ్రామము కలదు. అచ్చటి రైతులు 1933లో సహకార పద్ధతిని చక్కెర కర్మాగారమును నెలకొల్పిరి. మన దేశమున నిట్టివానిలో అదియే మొదటిదని ప్రతీతి. గానుగాట కాలమున చెఱకుబండ్ల బారు రాత్రియెల్ల సాగుచుండెడిది. ఒకమారు బడిపిల్లలను వెంటగొని పోయితిని. రసము కాగు వాసనకు వారి చెవి కెక్కిన పాఠము లేదు. నాకును నోట మాట నిలువలేదు. కొలది సంవత్సరముల క్రిందట ఆ గానుగ నిలిచిపోయినది. ఇట్లు నిలిచినవాని నేమి చేయవలెనన్నదే నేటి ప్రసంగ విషయము.

వరంగల్లులో ఆజంజాహీ మిల్లు 1934లో వెలసెను. నిజాము తన పెద్ద కుమారుని పేరు దానికి పెట్టెను. అది యెన్నియో కుటుంబములకు అన్నము పెట్టినది. 2002 నాటికి మూతపడెను. యంత్రములు పోయినవి. నేలలో పెద్దభాగము ఇండ్ల స్థలములైనది. నేడు తాత మనుమనికి చేయి చాచి చూపవలసినవి ఆ యిండ్ల వరుసలే.

హైదరాబాదున సైఫాబాదు టంకశాల కథ వేఱు. 1903లో అచ్చటికి వచ్చిన యీ టంకశాలలో చార్మినారు గుర్తుగల హాలీ సిక్కాలు ముద్రింపబడెను. 1997లో పని చర్లపల్లికి తరలెను. పాతికేండ్ల పిమ్మట, 2022లో, ఆ భవనమే నాణెముల ప్రదర్శనశాలగా తెఱువబడినది. నాణెమెట్లు పుట్టెడిదో పిల్లలు పాత యంత్రముల నడుమ నిలిచి చూడవచ్చును. కొచ్చిలో ఆస్పిన్‌వాల్ అను వర్తక సంఘమువారి పాత భవనములు 2012 నుండి చిత్రకళా ప్రదర్శనమునకు నెలవైనవి. జర్మనీదేశపు ఎస్సెన్ నగరమున 1986లో మూతపడిన బొగ్గుగనిని కూల్పక నిలిపిరి. అందు ప్రదర్శనశాలలును నృత్యశాలయు వెలసినవి. 2001లో అది ప్రపంచ వారసత్వ స్థలమైనది.

అయినను నేనీ పద్ధతిని గ్రుడ్డిగా మెచ్చువాడను కాను. కళాకేంద్రమని పేరుపెట్టగానే చుట్టుప్రక్కల అద్దెలు పెరుగును. వెనుకటి కూలివాని కుటుంబము ఊరి వెలుపలికి జరుగును. కార్మికుని బాకీ తీర్పక గోడకు రంగు పూయుట న్యాయము కాదు. మొదట అడుగవలసినది పనిచేసినవారిని, వాటా సొమ్ము పెట్టిన రైతులను.

ఏటికొప్పాకకు కళాకారులను పరదేశమునుండి రప్పింప నక్కఱలేదు. అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, లక్క పూసి బొమ్మలు చేయువారు ఆ యూరనే యున్నారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. గింజలు, బెరడులు, వేళ్ళు, ఆకులనుండి తీసిన రంగులను ఈ పనిలో నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారము దక్కెను.

గత వర్షాకాలమున నా మనుమరాలికి లక్కబొంగరము కొనుటకై అచ్చటి కేగితిని. అంకుడు కఱ్ఱ నీడను బాగుగ ఆరవలెను, పచ్చిగా నున్నచో బొమ్మ బీటలువాఱును. బొంగరము నా చేతికిచ్చుచు పనివాడు మిల్లు వైపు చూచి యిట్లనెను: “మేస్టారండీ, మా నాన్న అక్కడే పని చేసేవోరు. ఆ షెడ్డుల్లో ఒక్కటి ఇప్పిస్తే, కర్ర తడవకుండా ఆరబెట్టుకుంటాం.”