రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం

రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం, ఖరీదైన ఆసుపత్రి చికిత్సను పేద కుటుంబాలకు ఉచితంగా అందించడానికి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2007లో ప్రవేశపెట్టిన ఆరోగ్య బీమా పథకం. వై.యస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నపుడు ఇది మొదలైంది. బీమా ప్రీమియం మొత్తాన్ని ప్రభుత్వమే చెల్లించడం, రోగి ఆసుపత్రిలో నగదు కట్టనవసరం లేకపోవడం దీని ముఖ్య లక్షణాలు.

నేపథ్యం

వ్యవసాయ కూలీలకు, చిన్న రైతులకు నెలసరి జీతం ఉండదు. పంట చేతికి వచ్చినపుడో, పని దొరికినపుడో మాత్రమే ఆదాయం వస్తుంది. కనుక ఏటా ప్రీమియం కట్టి ప్రైవేటు బీమా తీసుకోవడం వారికి కష్టం. కార్మికులకు ఉన్న ఇ.ఎస్.ఐ. వంటి సదుపాయమూ వారికి లేదు. గుండె, మూత్రపిండాలు, క్యాన్సర్ వంటి వ్యాధులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో చికిత్స లభించదు. పెద్ద ఆసుపత్రులు ఎక్కువగా హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలలో ఉన్నాయి. ఇటువంటి జబ్బు వచ్చిన కుటుంబం పొలం అమ్ముకోవడమో, వడ్డీకి అప్పు తేవడమో జరిగేది. అంతకు ముందు ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేసుకొనే వీలున్నా, సహాయం అందుతుందన్న హామీ లేదు.

అమలు

ఈ పథకం 2007 ఏప్రిల్ 1న మహబూబ్ నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. 2008లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. నిర్వహణ కొరకు ఆరోగ్యశ్రీ హెల్త్ కేర్ ట్రస్టును ఏర్పాటు చేశారు. తొలి దశలో స్టార్ హెల్త్ సంస్థ బీమా బాధ్యత వహించింది. 2008 నుండి మరికొన్ని చికిత్సలకు ట్రస్టే నేరుగా చెల్లించసాగింది. తెల్ల రేషను కార్డు గల కుటుంబానికి ఏడాదికి 1.5 లక్షల రూపాయల వరకు, అవసరమైతే మరో 50 వేల వరకు చికిత్స లభించేది.

చికిత్స పొందే విధానం

రోగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా గాని, గ్రామంలో జరిగే వైద్య శిబిరం ద్వారా గాని, నేరుగా గాని జాబితాలోని ఆసుపత్రికి చేరవచ్చు. అక్కడ ఆరోగ్యమిత్ర కార్డును పరిశీలించి సహాయపడతారు. పరీక్షల తరువాత ఆసుపత్రి ముందస్తు అనుమతి కోరుతుంది. చికిత్స ముగిశాక నిర్ణీత ధర ప్రకారం ఆసుపత్రికి సొమ్ము చెల్లిస్తారు. చదువు రాని వారికి నగరంలోని పెద్ద ఆసుపత్రిలో దారి చూపేది ఆరోగ్యమిత్రలే.

పరిమితులు, విమర్శలు

పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకొనే చికిత్సలకు వర్తిస్తుంది. రక్తపోటు, మధుమేహం వంటి వాటికి నిత్యం వాడే మందుల ఖర్చును చాలావరకు కుటుంబమే భరించాలి. ఈ జబ్బులను అదుపులో ఉంచకపోతే అవే గుండె, మూత్రపిండాల వ్యాధులకు దారితీసి, రోగిని ఖరీదైన చికిత్స వరకు తెస్తాయి. రోగితోపాటు నగరంలో ఉండే బంధువు కూలి నష్టాన్ని కూడా బీమా పూడ్చదు. ప్రజాధనం ప్రైవేటు ఆసుపత్రులకు చేరుతోందని, ప్రాథమిక వైద్యం వెనుకబడిందని విమర్శలు వచ్చాయి. అనవసరంగా గర్భసంచి తొలగిస్తున్నారన్న ఆరోపణలు కూడా వచ్చాయి. కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. బకాయిల కారణంగా 2025లో రెండు రాష్ట్రాలలోను ప్రైవేటు ఆసుపత్రులు సేవలను నిలిపివేశాయి.

రాష్ట్ర విభజన తరువాత

2014 తరువాత రెండు రాష్ట్రాలు పథకాన్ని వేరువేరుగా కొనసాగించాయి. ఆంధ్ర ప్రదేశ్ లో దీనికి ఎన్టీఆర్ వైద్యసేవ, 2019 తరువాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ అని పేర్లు మారాయి. 2023 డిసెంబరులో పరిమితిని ఆంధ్ర ప్రదేశ్ 25 లక్షల రూపాయలకు, తెలంగాణ 10 లక్షలకు పెంచాయి. కేంద్ర ప్రభుత్వం 2018లో కుటుంబానికి 5 లక్షల పరిమితితో ఆయుష్మాన్ భారత్ ప్రారంభించింది.

ఇవి కూడా చూడండి

* 108 అత్యవసర సేవ
* ఆయుష్మాన్ భారత్
* ప్రాథమిక ఆరోగ్య కేంద్రం