పోర్టు కాని అంకె

చంద్రపూర్‌లో శాఖ, హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఒక సంస్థను ఊహించుకుందాం. రెండు చోట్లనూ భద్రంగా కలపడానికి ఐపీసెక్ వీపీఎన్ పెట్టి, రూటరు ఫిల్టరులో యూడీపీ 500 పోర్టు తెరిచారు. రూటర్లు రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి, రహస్య తాళంచెవులు కుదుర్చుకున్నాయి. అయినా ఒక్క ఫైలూ దాటలేదు. అప్పుడు చాలామంది 50వ పోర్టు కూడా తెరిచి చూస్తారు. కానీ ఆ 50 పోర్టు కాదు, ఐపీసెక్‌లో సమాచారాన్ని మోసే ఈఎస్‌పీకి ఇచ్చిన ఐపీ ప్రోటోకాల్ సంఖ్య. దీన్ని తెలియనితనం అని తీసిపారేయడం న్యాయం కాదు. ఇంటర్నెట్ పెరిగిన తీరే ఈ తికమకను పెంచిందని నా వాదన.

మొదట్లో టీసీపీ ఒక్కటే అన్ని పనులూ చేసేది. 1978 ప్రాంతంలో దాన్ని విడదీసి, చిరునామా చూసి చేరవేసే పనిని ఐపీకి అప్పగించారు. దాంతో ప్యాకెట్ లోపల ఏముందో చెప్పే గుర్తు కావలసి వచ్చింది. 1981 సెప్టెంబరు నాటి ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 791 ఐపీ శీర్షికలో పదో బైటును అందుకు కేటాయించింది. ఒక బైటే కనుక 0 నుంచి 255 వరకే సంఖ్యలు. ఈ సంఖ్యల కేటాయింపు చూసే జాన్ పోస్టెల్ అదే నెలలో వెలువరించిన జాబితాలో ఐసీఎంపీకి 1, టీసీపీకి 6, యూడీపీకి 17 దక్కాయి. పోర్టు ఆ తర్వాతి మెట్టు, టీసీపీ, యూడీపీల శీర్షికల్లో ఉంటుంది. తపాలాలో వచ్చింది మనియార్డరా, పార్సిలా అన్నది ఒక ప్రశ్న, ఏ గదికి చేరాలన్నది మరో ప్రశ్న.

వెబ్, మెయిల్ అన్నీ 6, 17 మీదే నడవడంతో ఫిల్టరు అంటే పోర్టులే అన్న అలవాటు స్థిరపడింది. ఒక ప్యాకెట్‌ను మరో ప్యాకెట్‌లో పెట్టి పంపే సొరంగాలు (టన్నెళ్లు) వచ్చి ఆ అలవాటు తప్పని తేల్చాయి. 1994 అక్టోబరులో వచ్చిన జీఆర్ఈ అనే సొరంగ ప్రోటోకాల్ సంఖ్య 47. 1995 ఆగస్టులో ఐపీసెక్ తొలి పత్రాలు వచ్చాయి, సమాచారాన్ని గుప్తీకరించే ఈఎస్‌పీకి 50, ప్యాకెట్ మారలేదని ధ్రువీకరించే ఏహెచ్‌కు 51. పీపీటీపీ అనే పాత వీపీఎన్ పద్ధతిలో నియంత్రణ టీసీపీ 1723 మీద, అసలు సమాచారం 47 మీద. 1723 ఒక్కటే తెరిస్తే పలకరింపు అందుతుంది, సరుకు అందదు. ఇంతలో ఒకే చిరునామాను పదిమందికి పంచే నాట్ వ్యాపించింది. అది పోర్టుల ఆధారంగా పంచుతుంది, ఈఎస్‌పీకి పోర్టులే లేవు. ఏహెచ్ అయితే చిరునామా మారగానే ప్యాకెట్‌ను తిరస్కరిస్తుంది. అందుకే 2005 జనవరిలో ఈఎస్‌పీని యూడీపీ 4500లో చుట్టి పంపే పద్ధతిని ప్రమాణం చేశారు. 2020లో లినక్స్‌లో చేరిన వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొంత సంఖ్య జోలికే పోకుండా యూడీపీ మీద కూర్చుంది.

అన్నీ యూడీపీలోకి చేరాక 50 గురించి తెలిసి ప్రయోజనమేమిటని అడగవచ్చు. మధ్యలో నాట్ లేకపోతే ఐపీసెక్ ఇప్పటికీ సాధారణంగా 50గానే వెళుతుంది. సొంత పబ్లిక్ చిరునామాలున్న రెండు కార్యాలయాల పరిస్థితి సరిగ్గా ఇదే. ఐపీవీ6లోనూ ఇవే సంఖ్యలు వాడుకలో ఉన్నాయి, అక్కడ నాట్ అవసరం అరుదు. ఈ గొడవంతా ఎందుకు, ఫిల్టరులో ఐపీ మొత్తాన్నీ అనుమతిస్తే సరిపోదా అంటే, అది కాపలా ఎత్తేయడమే. పీపీటీపీ కోసం 47 తెరవడం కూడా నేడు తగదు, దాని ధ్రువీకరణను ఛేదించవచ్చని ఏనాడో తేలింది.

చంద్రపూర్ రూటరులో రాయవలసినవి మూడే: యూడీపీ 500, యూడీపీ 4500, ప్రోటోకాల్ 50. అవి కూడా హైదరాబాద్ రూటరు చిరునామా ఒక్కదానికే, రాకకూ పోకకూ.