పువ్వు పుట్టగనే పరిమళించునా?

పువ్వు పుట్టగనే పరిమళించునని మన పెద్దలు చెప్పుదురు. మొక్కయై వంగనిది మ్రానై వంగునా అనియు వారే అడుగుదురు. ఈ రెండు మాటలను ఒకచోట నుంచి చూచినచో ఒక చిక్కు తోచక మానదు. మొదటి మాట పుట్టుకను నమ్మినది. రెండవది పెంపకమును నమ్మినది. ఒక బాలుని చూచి, వీడు పెద్దవాడై ఇంతవాడగునని ముందుగా చెప్పవలసి వచ్చినపుడు ఈ రెంటిలో దేనిని నమ్మవలెను?

తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును ఇది నిత్యము ఎదురగు ప్రశ్నయే. అయితే వారి తీర్పులను ఎవరును పుస్తకమున వ్రాసి యుంచరు. పదియేండ్ల తరువాత తీసి సరిచూచుకొనువారును లేరు. అట్లు వ్రాసి యుంచి, లెక్క తేల్చి చూచుకొనిన చోటు ఒకటి కలదు. అది ఉత్తర అమెరికాలోని మంచు హాకీ. అందులో మాంట్రియాల్ నగరపు కెనేడియన్స్ క్లబ్బు తన యువకులను ఎట్లు ఎన్నుకొనినదో, ఎట్లు పెంచినదో నేడు మనము పరిశీలింతము.

హాకీ యనగానే మనకు పచ్చిక మైదానము, ధ్యాన్‌చంద్, 1928 నాటి ఆంస్టర్‌డాం స్వర్ణపతకము జ్ఞప్తికి వచ్చును. కెనడావారి హాకీ వేరు. గడ్డకట్టిన నీటిపై, ఉక్కు అంచులు గల స్కేట్లు తొడిగి, బంతికి మారుగా పక్కు అను నల్లని రబ్బరు బిళ్ళను కర్రలతో తరుముచు ఆడుదురు. పైకప్పు గల మందిరములో ఈ ఆటను మొదట ప్రదర్శించినది 1875లో, మాంట్రియాల్ నగరముననే. 1892లో గవర్నర్ జనరల్ స్టాన్లీ ప్రభువు ఒక వెండిపాత్రను బహుమతిగా నిచ్చెను. కెనేడియన్స్ క్లబ్బు 1909లో పుట్టినది. వృత్తి క్రీడాకారుల నేషనల్ హాకీ లీగు 1917లో ఏర్పడినది. 1942 మొదలు 1967 వరకు ఆ లీగులో ఆరు జట్లే యుండెను. కెనడాలో శీతకాలమున కర్ర పట్టని బాలుడు అరుదు. లీగులోనో సుమారు 120 మందికి మాత్రమే చోటు. కావున ఎన్నిక యనునది ఆ ఆటకు ప్రాణమైనది.

1946లో ఫ్రాంక్ సెల్కీ అను నిర్వాహకుడు టొరంటో నుండి మాంట్రియాల్‌కు వచ్చెను. పేరుమోసిన ఆటగాండ్రను కొనుటకంటె, బాలురను తామే పెంచుకొనుట మేలని ఆతని సిద్ధాంతము. రైతు పొలములో వరి నాటుటకు ముందు నారుమడి సిద్ధము చేసికొనునట్లు, ఆతడు కెనడా దేశమంతటను బాలుర జట్లను, యువకుల జట్లను క్లబ్బు పోషణలోనికి తెచ్చెను. ఈ జట్లలో కొన్నింటిని నడపిన యువ నిర్వాహకుడు శామ్ పొలాక్. ఆతని చేతిలోని మాంట్రియాల్ యువక జట్టు 1950లోను, హల్-ఒట్టావా జట్టు 1958లోను కెనడా యువక విజేతలకిచ్చు మెమోరియల్ కప్పును గెలుచుకొనెను. పెద్ద జట్టులో ఒక చోటు ఖాళీ యగునప్పటికి, ఆ చోటికి తగినవాడు నారుమడిలో సిద్ధముగా నుండెడివాడు. జాక్ ప్లాంట్, డికీ మూర్, బెర్నార్డ్ జెఫ్రియన్, హెన్రీ రిచర్డ్ మున్నగువారు ఈ తీరున ఎదిగి వచ్చినవారే. ఫలముగా 1956 నుండి 1960 వరకు ఐదేండ్లు వరుసగా స్టాన్లీ కప్పు మాంట్రియాల్‌కే దక్కినది.

ఈ పద్ధతికి మరియొక ముఖము కలదు. బాలుడు ఒక పత్రముపై సంతకము చేయవలసి యుండెను. ఏ, బీ, సీ యని ఆ పత్రములు మూడు రకములు. వీనిలో సీ పత్రము మిక్కిలి బిగువైనది. దానిపై చేవ్రాలు చేసిన బాలుని భావి క్రీడాజీవితమంతయు ఆ క్లబ్బు వశమగును. ఏటేట దానిని పొడిగించు హక్కు క్లబ్బుదే గాని బాలునిది కాదు. బాలుడు చిన్నవాడైనచో తల్లిదండ్రులు సంతకము చేసెడివారు.

ఆ పత్రమును నిరాకరించినవారును లేకపోలేదు. జాన్ బెలీవో అను యువకుని విషయమున, ఆతని తండ్రి సీ పత్రమునకు సమ్మతింపలేదు. బెలీవో క్విబెక్ నగరపు జట్టులో హాయిగా ఆడుచు, మాంట్రియాల్‌వారిని చాలకాలము వేచియుండునట్లు చేసెను. తుదకు 1953లో క్లబ్బువారు ఆతడాడుచున్న లీగు హక్కులనే కొని, ఐదేండ్లకు 1,05,000 డాలర్ల ఒప్పందముపై ఆతనిని తెచ్చుకొనిరి. ఆటగాడుగా ఆతడు పది స్టాన్లీ కప్పులలో భాగస్వామి యయ్యెను. తండ్రి ఒక్కమాట అడ్డుచెప్పినందున ఆ యువకునకు ఎంత మేలు కలిగినదో ఊహింపవచ్చును.

ఇక బాస్టన్ క్లబ్బువారి కథ. 1961లో వారి పెద్దలు ఒంటారియో రాష్ట్రమున గననాక్ అను ఊరికి, ఇద్దరు స్థానిక బాలురను పరీక్షించుటకు పోయిరి. పోయిన పని మరచి, ఎదుటి జట్టులోని పదమూడేండ్ల చిన్నవానిని చూచుచు నిలిచిపోయిరి. వాడే బాబీ ఓర్. మరుసటి యేడు, పదునాలుగవ యేట ఆ బాలుడు బాస్టన్ క్లబ్బువాడయ్యెను. ఒప్పందములో వారి ఇంటి గోడలకు క్రొత్త పూత వేయించుట కూడ నొకటి! ఓర్ 1966లో పెద్ద లీగులో ప్రవేశించి, 1968 నుండి ఎనిమిదేండ్లు వరుసగా ఉత్తమ రక్షకుడని బహుమతి పొందెను. ఇచ్చట పువ్వు పుట్టగనే పరిమళించినది, నిజమే. కాని అట్లు పరిమళించిన ఆటగాడు సైతము మోకాళ్ళు చెడి, ముప్పదియేండ్లకే 1978లో ఆట మానవలసి వచ్చెను. ఎంతటి పరీక్షకుడును ఎముకల భవిష్యత్తును చదువలేడు.

సంపన్నములైన క్లబ్బులే బాలురనందరిని కట్టివేయుచున్నవను విమర్శ బలపడగా, లీగు క్రొత్త పద్ధతి నొకదానిని ఆరంభించినది. 1963 జూన్ 5వ తేదీన మాంట్రియాల్‌లోని ఒక హోటలులో మొదటి డ్రాఫ్టు, అనగా ఎంపిక సభ, జరిగినది. అప్పటికే ఏ క్లబ్బునకును కట్టుబడని బాలురను జట్లు వంతులవారీగా ఎన్నుకొనవలెను. ఆనాడు 21 మందిని ఎన్నుకొనిరి. వారిలో నేషనల్ హాకీ లీగు ఆట ఆడగలిగినవారు ఐదుగురు మాత్రమే. దేశములో ఆరితేరిన పరీక్షకులు ఏరిన బాలురలో నాల్గింట మూడువంతులకు పైగా ఆ గడప దాటలేదన్నమాట. మంచి బాలురు అప్పటికే పత్రములలో చిక్కి యుండుట ఇందుకు కొంత కారణము. అయినను తీర్పు చెప్పుట ఎంత కష్టమో ఈ లెక్క చూపుచున్నది.

స్కౌటులని పేరుగల ఈ పరీక్షకులు చూచునదేమి? మొదటిది స్కేట్లపై వేగము, తిరుగుడు. రెండవది కర్రతో పక్కును లొంగదీయు చేతినేర్పు. మూడవది, పక్కు ఎచటికి పోవునో ముందే గ్రహించు బుద్ధి. నాలుగవది, దెబ్బ తిన్న మరునాడు మరల బరిలోనికి దిగు గుణము. మొదటి రెండును ఒక్క సాయంకాలమున కనబడును. కడపటి రెండును ఋతువులు గడచినగాని కనబడవు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. నిర్ణయము మాత్రము ముందే చేయవలెను.

1964లో సెల్కీ స్థానమునకు వచ్చిన శామ్ పొలాక్ ఈ సంగతి నెరిగినవాడు. 1970లో ఆతడు కాలిఫోర్నియా క్లబ్బుతో బేరమాడి, మరుసటి సంవత్సరపు మొదటి వంతును ముందుగానే చేజిక్కించుకొనెను. 1971లో తన ఆటగాడైన రాల్ఫ్ బాక్‌స్ట్రామ్‌ను లాస్ ఏంజెలిస్‌కు పంపెను. లాస్ ఏంజెలిస్ బలపడి, కాలిఫోర్నియా అట్టడుగున నిలుచుటకే ఈ ఎత్తు వేసెనని నేటికిని చెప్పుకొందురు. ఏమైననేమి, కాలిఫోర్నియా కడపటి జట్టయినది. ఆ సంవత్సరపు మొదటి ఎన్నిక మాంట్రియాల్‌ది.

ఆ ఎన్నికతో వచ్చినవాడు గీ లాఫ్లేర్. క్విబెక్ యువక జట్టు తరఫున అంతకుముందు సంవత్సరము 62 ఆటలలో 130 గోల్సు చేసినవాడు. బెలీవో అప్పుడే ఆట విరమించెను. ఆతని స్థానము నింపువాడు వీడేయని నగరమంతయు ఎదురు చూచినది. లాఫ్లేర్ మొదటి యేడు 29 గోల్సు, రెండవ యేడు 28, మూడవ యేడు 21 చేసెను. ఏటేట దిగుచున్న ఈ లెక్క చూచి జనులు పెదవి విరిచిరి. ఆతని తరువాత రెండవ వంతున డెట్రాయిట్‌వారు ఎన్నుకొనిన మార్సెల్ డియోన్ తొలియేటనే, గోల్సును సహాయములును కలిపి, 77 పాయింట్లు గడించెను; లాఫ్లేర్‌వి 64 మాత్రమే. మూడేండ్ల నాడు తీర్పు చెప్పినచో, మాంట్రియాల్‌వారు తప్పిరనియే చెప్పవలసి యుండెను.

నాలుగవ యేడు, అనగా 1974-75లో, లాఫ్లేర్ 53 గోల్సు చేసెను. అది మొదలు ఆరేండ్లు వరుసగా ఏబదికి తగ్గలేదు. 1976 నుండి 1979 వరకు నాలుగు కప్పులు వరుసగా మాంట్రియాల్‌కు వచ్చినవి. 1976-77లో 80 ఆటలలో ఆ జట్టు ఓడినవి ఎనిమిది మాత్రమే. మూడేండ్లు ఓపిక పట్టుట ఒక ఎత్తు. ఆ ఓపికకు తగిన బలగము జట్టులో నుండుట మరియొక ఎత్తు. కుర్రవాడు తడబడినను 1973లో కప్పు గెలువగల జట్టది. అట్టి చోట యువకునకు ఎదుగుటకు వ్యవధి దొరకును. కాలిఫోర్నియా వంటి బీదజట్టులో ఆ యువకుడే పడినచో, మొదటి దినము నుండి బరువంతయు ఆతని భుజములపైననే పడియుండెడిది.

అదే 1971 ఎంపికలో మరియొక విశేషము కలదు. లారీ రాబిన్సన్ అను పొడగరి రక్షకుని మాంట్రియాల్‌వారు ఇరువదవ వంతున ఎన్నుకొనిరి. ఆతనికి ముందు వారే లాఫ్లేర్‌ను గాక మరి ఇద్దరిని తీసికొనియుండిరి. రాబిన్సన్‌ను తిన్నగా పెద్ద జట్టులోనికి తేక, హాలిఫాక్స్‌లోని తమ పెంపకపు జట్టగు నోవా స్కోషియా వాయేజర్స్‌కు పంపిరి. ఆతడు అచ్చట పని నేర్చుకొని, 1973 ఆరంభమున పైకి వచ్చి, 1977లోను 1980లోను లీగులో ఉత్తమ రక్షకుడయ్యెను. కెన్ డ్రైడెన్ కథ ఇంకను విచిత్రము. 1964లో ఆతనిని ఎన్నుకొనినది బాస్టన్. హక్కులను మాంట్రియాల్‌కు ఇచ్చివేసినదియు బాస్టనే. డ్రైడెన్ కార్నెల్ విశ్వవిద్యాలయమున చదివి, 1971లో ఆరు ఆటలు మాత్రమే ఆడిన అనుభవముతో గోలు కాచి, ఓర్ ఉన్న ఆ బాస్టన్ జట్టునే ఓడించి, కప్పు తెచ్చెను. ఏడేండ్ల చదువును, ఎదురుచూపును వృథా కాలేదు.

కీర్తికెక్కిన క్లబ్బు తప్పు చేయదని ఎవరును తలంపరాదు. 1980లో మాంట్రియాల్‌వారికే మొదటి వంతు వచ్చెను. రెజైనా జట్టులో ఒక్క యేడు 89 గోల్సు చేసిన డగ్ వికెన్‌హైజర్‌ను, పొడవును దృఢత్వమును గల ఆటగాడని, వారెన్నుకొనిరి. మాంట్రియాల్ పరిసరములలోనే పెరిగిన డెనీ సవార్డ్ మూడవ వంతున చికాగోకు పోయెను. సవార్డ్ తన క్రీడాజీవితమున 1,338 పాయింట్లు గడించెను; వికెన్‌హైజర్ 276. అయినను వికెన్‌హైజర్ ఆట రాని వాడు కాడు. 556 ఆటలాడెను, 1982-83లో 25 గోల్సు చేసెను. మరియొక వంతున ఎన్నుకొనబడినచో మంచి ఆటగాడని పేరు పొందియుండెడివాడు. మొదటివాడనిపించుకొనినందున, ఆడిన ప్రతిదినమును ఇంకొకనితో సరిపోల్చబడెను. తూచినవారి పొరపాటును తూగినవాడు మోయవలసి వచ్చినది.

త్రాసులోనే ఒక లోపము కలదని తరువాత తేలినది. 1985లో రోజర్ బార్న్‌స్లీ అను కెనడా పరిశోధకుడును, ఆతని సహచరులును హాకీ ఆటగాండ్ర పుట్టిన నెలలను పరిశీలించిరి. సంవత్సరపు తొలి నెలలలో పుట్టినవారు మిక్కిలిగా నుండిరి. బాలుర జట్లకు వయస్సును జనవరి 1 నుండి లెక్కించుటయే కారణము. జనవరిలో పుట్టినవాడు అదే యేటి డిసెంబరువానికంటె పదునొకండు నెలలు పెద్దవాడు. పదియేండ్ల ప్రాయమున అది చిన్న భేదము కాదు. ఆ పెద్దరికమునే ప్రతిభ యని భ్రమించి, మంచి జట్టును, మంచి శిక్షణను వానికే ఇచ్చెడివారు. 1980 నుండి 2007 వరకు జరిగిన ఎంపికలను పరీక్షించి 2013లో వెలువడిన మరియొక పరిశోధన, సంవత్సరపు రెండవ సగమున పుట్టినవారు తమకు వచ్చిన వంతుకు మించి రాణించిరని చూపినది. అనగా పరీక్షకులు వారిని తక్కువగా తూచిరి.

బాలుని భవిష్యత్తును తేల్చు వయస్సు మాత్రము మారినది. పత్రముల కాలమున అది పదునాలుగేండ్లకు దిగెను. 1969 ఎంపిక నాటికి ఇరువదియేండ్లయినది; 1980 నాటికి పదునెనిమిది. 1975లో లీగు తరఫున ఒక కేంద్ర పరీక్షక సంఘము ఏర్పడి, ఆటగాండ్ర గుణదోషములను అన్ని క్లబ్బులకును తెలుపసాగినది. సాధనములు పెరిగినవి. అయినను ముందుచూపునకు గల హద్దు చెరిగిపోలేదు.

మాంట్రియాల్ చరిత్ర మనకు చెప్పునది ఇంతియే. వారి గొప్పతనము అందరికంటె బాగుగా ఎన్నుకొనుటలో కంటె, ఎన్నుకొనినవానికి కాలమును, చోటును ఇచ్చుటలో నున్నది. లాఫ్లేర్‌ను మూడవ యేట తూచినవారు తప్పిరి. రాబిన్సన్‌ను తాము తూచిన తూకమునే వారు పరమముగా నమ్మలేదు గనుక గెలిచిరి. క్లబ్బు తీర్పు తప్పినచో మరుసటి యేడు దానికి మరియొక వంతు వచ్చును. బాలునకు రెండవ బాల్యము రాదు. కావున తీర్పు చెప్పువారు, అది బడిలోనైనను, బరిలోనైనను, ఇంటిలోనైనను, తమ మాట కడపటి మాట కాదని ఎరిగి చెప్పుట న్యాయము. కొన్ని పూవులు పుట్టగనే పరిమళించును. కొన్ని ప్రొద్దు వాలిన పిమ్మట పరిమళించును. ఉదయమున తోటలో తిరిగి వచ్చినవాడు ఆ రెండవవాని వాసన ఎరుగడు.