ఓడినవారి పేర నిలిచిన తీర్పు

కోకా సుబ్బారావుగారిని చెన్నపట్నపు తెలుగువారమైన మేము మావారనే చెప్పుకొంటాము. 1948లో ఇక్కడి హైకోర్టు న్యాయమూర్తి అయినారు. 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి వారే.

సుప్రీంకోర్టులో వారు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు వెలువడినది. పంజాబులో ఒక కుటుంబపు మిగులుభూమిని చట్టం తీసుకొన్నది. ఆ చట్టాన్ని కోర్టులు ముట్టకుండా 1964లో 17వ రాజ్యాంగ సవరణ కాపాడినది. ప్రాథమిక హక్కులను సైతం పార్లమెంటు సవరించవచ్చునని 1951లోను, 1964లోను చెప్పిన కోర్టే, ఇప్పుడు ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపుగా చీలి, ఆ హక్కులను తగ్గించే అధికారం లేదన్నది.

కాని అప్పటికే జమీలు పోయినవి, భూములు చేతులు మారినవి. వాటిని తిరగదోడితే దేశం అతలాకుతలమే. అందుచేత పాత సవరణలు చెల్లుననీ, కొత్త సూత్రం ఇకముందుకే వర్తించుననీ సుబ్బారావుగారు వ్రాసినారు. గోలక్‌నాథులకు భూమి దక్కలేదు! దీనిని పిరికితనమన్నవారున్నారు, మాకు లౌక్యముగానే తోచును. ఆరు వారాలకే పదవి వదలి వారు రాష్ట్రపతి ఎన్నికలో నిలువడం (ఓడినారు కూడా) మాత్రం మాకు రుచించదు.

పార్లమెంటు 1971లో 24వ సవరణతో తన అధికారాన్ని తిరిగి చాటుకొన్నది. 1973లో కేశవానందభారతి కేసున పదముగ్గురు న్యాయమూర్తులు కూర్చున్నారు. గోలక్‌నాథ్ తీర్పు పోయినది; సవరణలు చేయవచ్చుగాని రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని చెరుపరాదని ఏడుగురు తేల్చినారు. ఆ ఏడుగురిలో ఒకరు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి వెళ్లిన పి. జగన్మోహనరెడ్డిగారు.