ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్: శ్రోతల అభిప్రాయాల చరిత్ర

అమెరికా దక్షిణాది బ్లూస్-రాక్ బృందం ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ 1971 మార్చి 12, 13 తేదీల్లో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో చేసిన కచేరీల నుంచి ఏరి కూర్చిన ఆల్బమ్ ‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’. రెండు ఎల్పీల ఈ సంపుటాన్ని అదే ఏడాది జులై 6న క్యాప్రికార్న్ రికార్డ్స్ విడుదల చేసింది. అభిమానులు చాలామంది పేరుకు ముందు ‘లైవ్’ అని తగిలిస్తారు. అట్ట మీద ఆ మాట లేదు. ఇందులో పాటలు ఏడే, నిడివి మాత్రం గంటంబావు పైమాటే. యాభై ఏళ్లుగా శ్రోతల మధ్య సాగుతున్న వాదం దాదాపు అంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

ఫిల్‌మోర్ ఈస్ట్‌ను బిల్ గ్రాహమ్ 1968 మార్చిలో మాన్‌హటన్ సెకండ్ ఎవెన్యూలో తెరిచాడు. పాత నాటకశాల అది, రెండున్నర వేలకు పైగా సీట్లు. అక్కడికి వచ్చే జనం కూర్చుని వినేవాళ్లు. గోల చేయరని కాదు, కానీ గోల ఎప్పుడు ఆపాలో వాళ్లకు తెలుసు. ఆల్బమ్‌లో మెల్లగా సాగే చోట్ల హాలంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. ఆ నిశ్శబ్దం కూడా రికార్డయింది. 1969, 1970ల్లో వచ్చిన బృందం తొలి రెండు స్టూడియో ఆల్బమ్‌లు పెద్దగా అమ్ముడుపోలేదు. వాళ్లకు పేరు తెచ్చింది ఊరూరా తిరిగి చేసిన కచేరీలే. అందుకే మూడో రికార్డు వేదిక మీదే చేయాలనుకున్నారు. మార్చి కచేరీల ప్రకటనల్లో పై పేరు జానీ వింటర్‌ది, వీళ్లది ఆ కింద.

నిర్మాత టామ్ డౌడ్ అప్పుడే ఘనాలో ఒక సంగీతోత్సవం రికార్డు చేసి తిరిగొచ్చాడు. బృందంలో ఆరుగురు: డ్యువేన్ ఆల్‌మన్, డికీ బెట్స్ గిటార్లు, డ్యువేన్ తమ్ముడు గ్రెగ్ గాత్రం, ఆర్గన్, బెర్రీ ఓక్లీ బాస్, బుచ్ ట్రక్స్, జైమో డ్రమ్స్. వీళ్లతోపాటు థామ్ డూసెట్ కొన్ని పాటలకు హార్మోనికా ఊదాడు. ఇంతవరకు బాగానే ఉంది. వేదిక మీద శాక్సఫోన్ కూడా కనబడేసరికి డౌడ్‌కు గుండె జారింది. శ్రుతి కలవని ఊదుడు టేపు మీదికి ఎక్కితే ఆ పాట పనికిరాదు. దాన్ని దింపేయమని పట్టుబట్టాడు. 13వ తేదీ రెండో కచేరీకి బాంబు బెదిరింపు వచ్చి హాలు ఖాళీ చేయించారు. అది మళ్లీ మొదలై ముగిసేసరికి తెల్లవారింది.

విడుదలైన రికార్డులో ‘యూ డోంట్ లవ్ మీ’ ఒక్కటే రెండో వైపంతా ఆక్రమిస్తుంది, పందొమ్మిది నిమిషాలు. నాలుగో వైపంతా ‘విప్పింగ్ పోస్ట్’, ఇరవై మూడు నిమిషాలు. స్టూడియోలో ఇదే పాట ఐదు నిమిషాలు. మొదటి వైపున మాత్రం బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ ‘స్టేట్స్‌బోరో బ్లూస్’, ఎల్మోర్ జేమ్స్ ‘డన్ సమ్‌బడీ రాంగ్’, టీ-బోన్ వాకర్ ‘స్టార్మీ మండే’ ఉన్నాయి. పాత బ్లూస్ ఇష్టపడేవాళ్లకు ఈ ఒక్క వైపే చాలు. చాలామంది ఆ వైపే అరగదీశారు కూడా. డ్యువేన్ స్లైడ్‌కు వాడింది జలుబు మాత్రల ఖాళీ గాజు సీసా. వేలికి తొడుక్కుని తీగల మీద జార్చేవాడు.

తొలి స్పందనలు రెండు దారులు పట్టాయి. రోలింగ్ స్టోన్‌లో జార్జ్ కింబల్ ఐదేళ్లలో ఈ దేశంలో పుట్టిన రాక్ బృందాల్లో వీళ్లే మేటి అన్నంతగా మెచ్చుకున్నాడు. విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గావ్ ఇచ్చింది బి మైనస్. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందంతో పోల్చి, వాళ్లకున్న గమ్యం వీళ్లకు లేదన్నది ఆయన అభ్యంతరం. ఆ మాటలో పస లేకపోలేదు. ‘యూ డోంట్ లవ్ మీ’ నడుమ డ్యువేన్ ఒక్కడే వాయించే చోట దారి ఎటు పోతుందో మొదటిసారి వినేవాడికి అంతుపట్టదు. రెండోసారి విన్నవాడు మాత్రం ఆ చోటు కోసమే ఎదురుచూస్తాడు. ఈ ఆల్బమ్ మీద ఒకే శ్రోత రెండు అభిప్రాయాలు చెప్పడానికి కారణం సాధారణంగా ఈ రెండు వినికిళ్ల మధ్య తేడాయే.

డ్యువేన్, జైమో మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్‌లను విస్తారంగా వినేవాళ్లు. ఒక స్వరవరుస మీద నిలబడి విస్తరించే పద్ధతి వీళ్ల సంగీతంలోకి అక్కడి నుంచే వచ్చింది. ‘ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’లో అది స్పష్టంగా వినబడుతుంది. జాజ్ వినేవాళ్లు ఈ రికార్డును చేరదీసింది ఎక్కువగా దీని వల్లే. బెట్స్ కట్టిన ఈ వాద్య కృతికి పేరు, జార్జియాలోని మేకన్ పట్టణంలో రోజ్ హిల్ శ్మశానవాటికలో ఒక సమాధిరాయి మీద చదివింది. ‘విప్పింగ్ పోస్ట్’ ఎత్తుగడ పదకొండు మాత్రలు: మూడు, మూడు, మూడు, రెండు. రాసిన గ్రెగ్‌కే ఆ లెక్క తెలియదట, అన్న చెబితే తెలిసింది. మిశ్రజాతి త్రిపుటకూ పదకొండే. విభజన వేరైనా, చేతిమీద తాళం వేస్తూ వినే అలవాటున్నవాళ్లు ఈ పాటలో త్వరగానే కుదురుకుంటారు.

1971 అక్టోబరు 25న ఆల్బమ్‌కు గోల్డ్ గుర్తింపు వచ్చింది. నాలుగు రోజులకు, 29న, మేకన్‌లో మోటర్‌సైకిల్ ప్రమాదంలో డ్యువేన్ చనిపోయాడు. వయసు 24. ఏడాది తిరిగాక 1972 నవంబరులో బెర్రీ ఓక్లీ కూడా అదే ఊళ్లో, ఆ చోటికి దగ్గర్లోనే, అలాగే పోయాడు. ఇద్దరినీ రోజ్ హిల్‌లోనే పూడ్చారు. ఫిల్‌మోర్ ఈస్ట్ అప్పటికే, 1971 జూన్ 27న, మూతబడింది. ఆఖరి రాత్రి ఆఖరున వాయించింది ఈ బృందమే. హాలు లేదు, గిటారిస్టు లేడు. రికార్డు కొన్న శ్రోతల్లో చాలామంది దాన్ని మొదటిసారి విన్నది ఈ వార్త తెలిశాకే. డ్యువేన్ స్వరాల్లో వీడ్కోలు వెతకడం అప్పుడే మొదలైంది. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు హుషారుగా వాయించిన చోట కూడా విషాదం విన్నారు. జిమ్ మార్షల్ తీసిన అట్ట ఫొటోలో మాత్రం అంతా విరగబడి నవ్వుతున్నారు.

డ్యువేన్‌కు దక్కిన పొగడ్తల్లో డికీ బెట్స్‌కు కొంత అన్యాయం జరిగింది. రెండు గిటార్లు వేర్వేరు పక్కల నుంచి వినబడతాయి కాబట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరిది ఏదో విడదీయడం అభిమానులకు వ్యాపకమైంది. అలా విడదీసి విన్నవాళ్లే, అన్నీ డ్యువేన్ ఖాతాలో వేయడం తప్పని వాదించసాగారు. మృదువుగా, గుండ్రంగా సాగే సోలోలు చాలావరకు బెట్స్‌వి.

‘విప్పింగ్ పోస్ట్’ మొదలయ్యే ముందు జనంలోంచి ఎవరో ఆ పేరు అరవడం రికార్డులో ఉంది. కనిపెట్టేశావన్నట్టు డ్యువేన్ జవాబిస్తాడు. ఆ కేక అక్కడితో ఆగలేదు. ఎవరి కచేరీలోనైనా సంబంధం లేకుండా అరిచే వేళాకోళంగా మారింది. 1974లో హెల్సింకీలో ఫ్రాంక్ జాపాను కూడా ఒకరు ఇదే పాట అడిగారు. ఆయన బృందానికి అప్పుడది రాదు. తర్వాత నేర్చుకుని, 1984 ఆల్బమ్ ‘దెమ్ ఆర్ అస్’లో చేర్చాడు.

పెద్దల గుర్తింపు తర్వాత వరసగా వచ్చింది. 1992లో ప్లాటినమ్, 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చోటు. రోలింగ్ స్టోన్ అత్యుత్తమ ఆల్బమ్‌ల జాబితాలో 2003లో 49వ స్థానం, 2020లో 105. సంగీతం మారలేదు, ఓటేసేవాళ్లు మారారు.

అసలు ఆల్బమ్ పూర్తిగా ఒక రాత్రి వాయించింది కాదు. డౌడ్ ‘యూ డోంట్ లవ్ మీ’ని రెండు ప్రదర్శనల నుంచి అతికాడు. ‘స్టార్మీ మండే’లో హార్మోనికా సోలో కత్తిరించాడు. ‘విప్పింగ్ పోస్ట్’ చివర ‘మౌంటెన్ జామ్’ ఎత్తుకుంటుండగానే శబ్దం తగ్గించేశాడు. ఆ మిగతా భాగం కోసం శ్రోతలు 1972లో ‘ఈట్ ఎ పీచ్’ వచ్చేదాకా ఆగారు. ముప్ఫై మూడు నిమిషాలకు పైగా సాగే ఆ ఒక్క పాట అందులో రెండు వైపులు తింది. 1992లో డౌడే కొత్తగా మిక్స్ చేసిన ‘ది ఫిల్‌మోర్ కాన్సర్ట్స్’ వచ్చినప్పుడు పాత శ్రోతలు రెండుగా చీలిపోయారు. శుభ్రంగా ఉందన్నవాళ్లు కొందరు, హాలు గాలి పోయిందన్నవాళ్లు కొందరు. 2014లో ఆ రాత్రుల కచేరీలను విడివిడిగా ఆరు సీడీల్లో విడుదల చేశారు. అతుకులు లేని ‘యూ డోంట్ లవ్ మీ’ అందులో దొరుకుతుంది. డౌడ్ దింపేయించిన శాక్సఫోన్ కూడా కొన్ని చోట్ల వినబడుతుంది. అది విన్నాక డౌడ్ చెవి మీద గౌరవం పెరుగుతుంది.