కంచు గొడ్డలి పోత

నారాయణఖేడ్ ప్రాంతంలో జొన్న, కంది, శనగ పండించే మీరు గొడ్డలి అనగానే కమ్మరి కొలిమినే తలుస్తారు. కాని ఇనుముకు ముందూ గొడ్డలి కలదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే పండితుడు బూడిద దిబ్బను తవ్వగా, సుమారు 4000 ఏళ్లనాటి పశువుల దొడ్డి బయటపడింది. ఆ కాలపువారి గొడ్డలి, నూరిన రాయి.

లోహపు గొడ్డలి కోసం గోదావరి ఎగువకు పోదాం. మన మంజీర కలిసేది గోదావరిలోనే గదా! మహారాష్ట్రలోని ప్రవర ఏరూ అందులోనే కలుస్తుంది. దాని ఒడ్డున జోర్వేలో ఆరు బల్లపరుపు గొడ్డళ్లు దొరికినవి. వయస్సు 3000 ఏళ్ల పైమాటే. ఒకదాన్ని పరీక్షిస్తే రాగిలో నూటికి రెండు పాళ్లకు కాస్త తక్కువగా తగరం ఉంది. పేరుకు కంచే గాని, మంచి గొడ్డలికి పది పాళ్లు కావాలి. ఇరవై దాటితే గంటలాగా మోగుతుంది, దెబ్బకు పగులుతుంది.

పోత ఎట్లాగంటే, మట్టి మూసలో రాగి ముక్కలు వేసి, చుట్టూ బొగ్గు పేర్చి, తిత్తులతో గాలి కొట్టాలి. రాగి కరగడానికి 1085 డిగ్రీల వేడి కావాలి. తగరం కలిస్తే అంతకన్న తక్కువ వేడికే పలచబడి, అచ్చులో మూలమూలకూ పారుతుంది. అచ్చును ముందుగా బాగా ఆరబెట్టి వేడిచేయాలి. తడి ఉన్నదా, ఆవిరి పుట్టి కరిగిన లోహం మీదికి చిమ్ముతుంది!

అచ్చులోంచి తీసిన గొడ్డలికి ఇంకా పదును ఉండదు. అసలు పనితనం ఇక్కడే. ఇనుప గొడ్డలిని మన కమ్మరి ఎర్రగా కాచి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. కంచు అట్లా గట్టిపడదు. చల్లగా ఉన్నప్పుడే అంచును సమ్మెటతో కొట్టాలి. కొట్టేకొద్దీ గట్టిపడుతుంది; అతిగా కొడితే చీలుతుంది. అందుచేత మధ్య మధ్య కాచి మెత్తబరచి, మళ్లీ కొట్టి, చివరికి రాతిమీద నూరుతారు.

ఇంత చేసినా కంచు గొడ్డలి మన సేద్యగాండ్లకు అరుదే. తగరం తెలంగాణ నేలలో దొరకదు. ఇనుపరాయి మాత్రం దండిగా ఉంది. ఇనుము రాగానే రాయీ రాగీ రెండూ వెనుకబడినవి. నిజామాబాదు వైపు కోనసముద్రంలో మూసల్లోనే ఉక్కు చేసి పర్షియా వర్తకులకు అమ్మేవారు.

1974లో ఆ ప్రవర ఒడ్డునే, దైమాబాద్‌లో, ఒక పల్లెటూరి మనిషి చెట్టు వేరు తవ్వుతుండగా ఎద్దులబండి, ఏనుగు, ఖడ్గమృగం, దున్నపోతు బొమ్మలు నాలుగు బయటపడ్డాయి. బరువు 60 కిలోల పైన! మీ నాగటిచాలులోనూ పచ్చని చిలుము పట్టిన ముక్క తగలవచ్చు. చింతపండుతో తోమకండి, పాతసామానువానికి వేయకండి. సమ్మెట దెబ్బల గుర్తు ఆ అంచులోనే ఉంటుంది, కరిగిస్తే పోయినట్లే. తహశీల్దారుకు కబురు చేయండి. విస్తరణాధికారి మిత్రులు సర్వే నంబరు, దొరికిన లోతు, పక్కన ఉన్న పెంకులు అప్పటికప్పుడే రాసిపెట్టుకోవాలి.